పండుగ నుండి తిరిగివచ్చు త్రోవ

ధ్యానభాగము: లూకా 2:41–52



ఈ పత్రిక మీ చేతికి అందునప్పటికి మీ గుమ్మముల మీది నక్షత్రములు దిగి అటక మీదికి చేరియుండును. అరిసెల డబ్బాలు అడుగంటియుండును. సెలవులకు వచ్చిన పిల్లలు పట్నములకు మరలిపోయి యుందురు. క్రొత్త బట్టలు ఒకమారు ఉతుకుడు పడి వాటి రంగు ఏపాటిదో తెలిసిపోయి యుండును. పండుగ ముగిసిన తరువాత పండుగను గూర్చి వ్రాయుట ఏమని కొందరు అనవచ్చును. పండుగకు ముందు చెప్పవలసినదంతయు డిసెంబరు సంచికలో చెప్పియుంటిమి. అది ఎవరికి ఎంత ఉపయోగపడెనో మేము ఎరుగము. మాకు మాత్రము ఉపయోగపడలేదు. ఆ సంగతినే ఈ నెల వ్రాయదలచితిమి.

పైన చూపిన భాగమును క్రిస్మసు తరువాతి ఆదివారమున చదువుట మా సంఘములో అలవాటు. యోసేపు మరియలు ప్రతి సంవత్సరమును పస్కాపండుగకు యెరూషలేమునకు వెళ్లెడివారని లూకా వ్రాయుచున్నాడు. నజరేతు నుండి యెరూషలేమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన నడక. వడ్రంగి పని చేసికొను ఇంటికి అన్ని దినములు పని మానుకొనుట తేలిక కాదు. అయినను వారు మానలేదు. వెళ్లినవారు మధ్యలో లేచి రానులేదు. పండుగ దినములు తీరిన తరువాతనే బయలుదేరిరి. కాబట్టి పండుగను ఆచరించుటలో వారియందు లోపమేమియు కనబడదు. లోపము ఎక్కడ వచ్చెను? త్రోవలో వచ్చెను. బాలుడు గుంపులో ఎక్కడనో ఉన్నాడని వారు తలంచిరి. ఆ తలంపుతోనే ఒక దినమెల్ల నడిచిరి.

తండ్రి, పిల్లవాడు తల్లితో నున్నాడనుకొనెననియు, తల్లి, తండ్రితో నున్నాడనుకొనెననియు ప్రసంగీకులు చెప్పుచుందురు. మేమును చెప్పియున్నాము. ఆ మాట వాక్యములో లేదు. కాని మన యిండ్లలో ఉన్నది. ప్రార్థన సంగతి భార్య చూచుకొనునని భర్తయు, ఆయనే గదా పెద్ద, ఆయనే పిలుచునని భార్యయు, అయ్యగారు ఎట్లును వచ్చి ప్రార్థించి పోవుదురు గదా అని ఇద్దరును అనుకొందురు. అయ్యగారి యింట ఏమి జరుగునో ఎవరును అడుగరు. అడుగుట మర్యాద కాదని మన సంఘస్థుల తలంపు కాబోలు.

మన డెల్టా పల్లెలలో క్రిస్మసు వరికోతల నడుమ వచ్చును. పగలు పొలమునకు పోయినవారు చీకటి పడినగాని ఇండ్లయొద్ద దొరకరు. అందువలన పాటల బృందము రాత్రి ఎనిమిదిన్నరకు బయలుదేరి, ఇంటింటను పాడి, ప్రార్థించి, టీ త్రాగి, గుడికి మరలునప్పటికి పండ్రెండు దాటును. మాకు అప్పగింపబడినవి మూడు గ్రామములు. ఇవిగాక ఆదివారపు బడి పిల్లల నాటకము, స్త్రీల సమాజము వారి కూడిక, గుడికి రంగులు, మైకువాని బేరము. మొన్నటి డిసెంబరులో పదునెనిమిది రాత్రులు మేము ఇంట భోజనము చేయలేదు. ఇది గొప్పకు చెప్పుట లేదు. కాపరులందరి డిసెంబరును ఇంతే.

మా యింట రాత్రి ఎనిమిది గంటలకు కుటుంబ ప్రార్థన. సంఘమువారందరికిని ఇది తెలియును. ఆ వేళకు ఎవరైన వచ్చినయెడల అరుగుమీద కూర్చుండి ముగియువరకు ఆగుదురు. డిసెంబరు 4వ తేదీతో ఆ ప్రార్థన ఆగిపోయినది. ఆపుదమని ఎవరును అనలేదు. ఎనిమిది గంటలకు మేము గుడియొద్ద ఉంటిమి. ఇంటివారు మేము వచ్చెదమని కొంతసేపు చూచి పండుకొనిరి. మరునాడును అట్లే జరిగెను. మూడవనాడు చూచుటయు మానిరి. చదివిన అధ్యాయము ప్రక్కను పెన్సిలుతో తేదీ వేయు అలవాటు మా అమ్మాయికి ఉన్నది గనుక ఇప్పుడు ఆ తేదీ తెలిసినది. లేనిచో అదియు తెలియదు. క్రీస్తు జన్మమును మూడు గ్రామములలో ప్రకటించుచు, ఆయన మా యింటిలో ఉన్నాడని మేము తలంచితిమి. యోసేపు మరియలు ఒక దినపు ప్రయాణమే పోయిరి. మాది నెల దినముల ప్రయాణమాయెను.

డిసెంబరు 31వ తేదీ రాత్రి గుడి నిండినది. బయట చాపలు వేసితిమి. పండ్రెండు కొట్టగానే వాగ్దాన చీటీల పళ్లెము త్రిప్పితిమి. ఒక పెద్దమనిషి తన చీటీ విప్పి చదివి, నచ్చక, మరల మడిచి పళ్లెములో వేసి మరియొకటి తీసికొనెను. మేము చూచితిమి. అప్పుడు నవ్వు వచ్చినది. తెల్లవారునప్పటికి మా ఫోనులో అరువది వాగ్దానములు చేరియున్నవి, పూల బొమ్మలతోను దీపముల బొమ్మలతోను. వాటిలో పదింటిని కూడ మేము చదువలేదు. చదువకుండగనే చేతులు జోడించిన బొమ్మను అందరికిని పంపితిమి.

ఈ చీటీల ఆచారమును మేము తప్పుపట్టుట లేదు. అయితే ఒక సంగతి చెప్పవలసియున్నది. జర్మనీ దేశములో హెర్న్‌హూట్ అను చిన్న గ్రామమున మొరేవియ సహోదరులు కాపురముండిరి. 1728వ సంవత్సరము మే 3వ తేదీ సాయంకాలపు కూడికలో, వారికి ఆశ్రయమిచ్చిన జమీందారుడగు జింజెండార్ఫ్ మరునాటికని ఒక వాక్యమును ఇచ్చెను. నాటినుండి ప్రతిదినము ఎవరో ఒకరు ఆ దినపు వాక్యమును గ్రామములోని 32 ఇండ్లకును తీసికొనిపోయి చెప్పెడివారు. 1731 నుండి అది సంవత్సరమునకు ఒక పుస్తకముగా అచ్చగుచు నేటికిని అనేక భాషలలో వచ్చుచున్నది. ఆ వాక్యము ఒక్క దినము కొరకైనది. మరునాడు మరల ఎవరో తలుపు తట్టవలెను. మనమో, ఏడాదికి సరిపడు వాక్యమును ఒక్క రాత్రి తీసికొని, అద్దము చట్రములో గ్రుచ్చి, తలుపు మూసికొనుచున్నాము.

జనవరి 2వ తేదీ సాయంకాలము మా యింటిల్లిపాదియు ఒకచోట కూర్చుంటిమి. ప్రతి సంవత్సరమును ఆ దినమున క్రొత్త సంవత్సరపు తీర్మానములు వ్రాసికొనుట మా పద్ధతి. వేదశాస్త్ర పాఠశాలలో చదువుకొను దినములలో మా గురువుగారొకరు నేర్పిన పద్ధతి అది. కాగితము తీసి, "ఈ యేడు ఏమేమి చేయుదము?" అని అడిగితిమి. విజయవాడలో చదువుకొను పెద్దవాడు సెలవులకు వచ్చి అక్కడనే ఉన్నాడు. ఎనిమిదవ తరగతి చదువు అమ్మాయి ఈలోగా, "నాన్నా, పోయినేడు రాసిన కాగితం ఏదీ?" అనెను.

అది కనబడలేదు. గూటిలో వెదకితిమి, డైరీలలో వెదకితిమి. చివరకు మా నాయనగారి పెద్ద బైబిలులో దొరికినది, లేవీయకాండము 13వ అధ్యాయమున. అక్కడికి అది ఎట్లు వచ్చెనో మాకు వెంటనే తెలిసినది. పరిశుద్ధ గ్రంథములో 1189 అధ్యాయములు కలవు. దినమునకు మూడును, ఆదివారమున అయిదును చదివినచో సంవత్సరమునకు పూర్తియగునని మేము సంఘమునకు ప్రతి జనవరిలోను లెక్క చెప్పుచుందుము. ఆ లెక్క ప్రకారమే ప్రారంభించితిమి. ఫిబ్రవరి మొదటి వారములో కుష్ఠమును గూర్చిన ధర్మశాస్త్రమును చేరితిమి. గుర్తుకై కాగితము పెట్టితిమి. మరల తెరువలేదు. ప్రసంగముల కొరకు గ్రంథమును తెరచితిమి గాని ఇంటివారితో కూర్చుండి వరుసగా చదువుట అక్కడనే నిలిచినది.

మా యింటావిడ కాగితము విప్పి పైకి చదివెను. తొమ్మిది తీర్మానములు. సంవత్సరములో గ్రంథమంతయు చదువుట. రాత్రి ప్రార్థన తప్పకుండుట. కానుకల భాగమును జీతము చేతికి రాగానే తీసి వేరుగ పెట్టుట. పిల్లలు నెలకొక కీర్తన కంఠతా పట్టుట. అప్పు చేసి పండుగ చేయకుండుట. కోపపడకుండుట. ఏడవదానియొద్ద ఆమె కొంచెము ఆగి, దానిని విడిచి ఎనిమిదవది చదివెను.

"ఇన్నెందుకండీ?" అనెను, చదివి మడిచి. "తొమ్మిదీ ఒక్కసారి ఎత్తుకుంటే ఒక్కటీ అడుగు పడదు. ఒక్కటి చాలదా?"

ఆ మాట మాకు నచ్చినది. నచ్చుటకు కారణము, దానికి తగిన దృష్టాంతము మా నోట సిద్ధముగా నుండుటయే. ఒంగోలు కొండ సంగతి పిల్లలకు చెప్పితిమి. మీలో చాలమందికి తెలిసినదే. 1853లో, నెల్లూరు ఒక్కటే కేంద్రముగా నున్న తెలుగు మిషనును మూసివేయుదమా అను ప్రశ్న అమెరికాలోని బాప్టిస్టు సభలో చర్చకు వచ్చినది. ఫలము లేదు, ఖర్చు మాత్రమున్నదని కొందరి వాదము. ఆ మరుసటి నూతన సంవత్సర దినమున, అనగా 1854 జనవరి 1వ తేదీన, తెల్లవారకముందే లైమన్ జ్యూయెట్ దొరగారును దొరసానిగారును, నర్సు, రూతు, జూలియా అను ముగ్గురు విశ్వాసులును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కిరి. అయిదుగురే. వారి చేతిలో తొమ్మిది తీర్మానముల కాగితము లేదు. ఈ ఊరికి ఒక సేవకుని పంపుమని మోకరించి అడిగిరి. అదియు తమకొరకు అడిగినది కాదు. ఏడాది గడచినను ఎవరును రాలేదు. పండ్రెండేండ్లు గడచెను. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురమునకు దిగిరి. కరవు కాలములో అన్నము కొరకు ఎవరును మతములోనికి రాకూడదని క్లౌగారు కొన్ని నెలలపాటు బాప్తిస్మములు నిలిపివేసిరి. ఆ తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటిలో ఒక్కదినమే 2222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అని పిలుచుచున్నారు.

ఇదంతయు బాగుగానే చెప్పితిమి. గుడిలో చెప్పినట్లే చెప్పితిమి. "కాబట్టి మనమును ఒక్కటే వ్రాసికొందము. గ్రంథపఠనము వ్రాయుదము" అని కలము తీసితిమి.

పెద్దవాడు అంతవరకు ఏమియు మాటలాడలేదు. తలయెత్తకుండ, "అమ్మ వదిలేసింది ఏంటి నాన్నా?" అనెను.

మేము మాటలాడలేదు. వాడే చెప్పెను. "ఏడోది. బాబాయితో మాట్లాడాలి అని. మూడేళ్ల నుంచీ రాస్తున్నావు. మొదటి ఏడు అది రెండోది. తర్వాత నాలుగోది అయింది. ఇప్పుడు ఏడోది. మాట అదే నాన్నా, నంబరే మారుతోంది."

మా యింటావిడ లేచి లోపలికి పోయెను. ఆ రాత్రి ఏ తీర్మానమును వ్రాయబడలేదు.

ఆ ఏడవ మాట ఏమో మీకు చెప్పక తప్పదు. మా నాయనగారు 2019లో ప్రభువునందు నిద్రించిరి. వారు మాకు విడిచిపోయినది అయిదు సెంట్ల ఇంటి స్థలమును దానిలో ఒక వేపచెట్టును. నాయనగారు కూలి పని చేసికొనుచునే వాక్యము చెప్పినవారు. సాయంకాలము ఆ చెట్టు క్రింద పేటలోని పిల్లలను కూర్చుండబెట్టి పాటలు నేర్పెడివారు. మేము మొదట మోకరించినది ఆ చెట్టు క్రిందనే. 2022వ సంవత్సరపు వేసవిలో మా తమ్ముడు ఆ చెట్టును కొట్టించెను. మాకు కబురు లేదు. ఎవరో చెప్పగా తెలిసికొని, ఫోనులో అనకూడని మాటలు కొన్ని అంటిమి. వాటిలో లేఖనములును ఉన్నవి. నాబోతు ద్రాక్షతోటను గూర్చి చెప్పితిమని జ్ఞాపకము. కోపమునకు లేఖనము తోడైనచో ఆ కోపము ఎంతకును చల్లారదు. స్థలము పంచుకొను సంగతి కూడ అక్కడనే నిలిచిపోయినది. ఆ దినమునుండి తమ్ముడు మాతో మాటలాడలేదు, మేమును మాటలాడలేదు. వారి యూరు ఇక్కడికి నలువది కిలోమీటర్లు కూడ లేదు.

మా గుమ్మము మీద యెహోషువ 24:15 వ్రాసిన పటము కలదు. మీ యిండ్లలోను అనేకులకు కలదు. పెండ్లికి బహుమానముగా ఇచ్చుటకు అంతకంటె తగిన పటము లేదని మేమే మీతో చెప్పియున్నాము. ఆ రాత్రి నిద్రపట్టక లేచి, దాని ముందు వెనుకల చదివితిమి. తన యింటివారును తానును ఎవరిని సేవింతురో యెహోషువ చెప్పగానే జనులందరును తామును అట్లే చేసెదమని ఉత్సాహముగా పలికిరి. అప్పుడు ఆ వృద్ధుడు సంతోషింపలేదు. మీవలన కాదు అనెను. 19వ వచనము చూడుడి. మేము ఇరువది సంవత్సరములుగా ఆ అధ్యాయమును ప్రసంగించుచు ఆ వచనముమీద ఒక్కసారియు నిలువలేదు. జనవరి మొదటి తేదీ రాత్రి మనకు అట్లు చెప్పువాడొకడు ఉండుట మేలు. మాకు ఆ మాట మా కుమారుడు చెప్పెను.

అక్కడినుండి ఆదికాండమునకు పోయితిమి. యాకోబు యౌవనములో ఇల్లు విడిచి పారిపోవుచు బేతేలులో దేవునికి మ్రొక్కుకొనెను; అది 28వ అధ్యాయము. ఆ మ్రొక్కుబడి ఇరువది యేండ్లకు పైగా అట్లే ఉండెను. భార్యలు, పిల్లలు, మందలు కలిగినవి. మరల బేతేలునకు లేచిపొమ్మని దేవుడు అతనికి సెలవిచ్చినది 35వ అధ్యాయములో. ఆ రెంటి నడుమ 33వ అధ్యాయము కలదు. అక్కడ ఏశావు ఉన్నాడు. యాకోబు పారిపోయినది ఎవనియొద్ద నుండియో వాని యెదుటికి పోయి, ఏడుమారులు నేలను సాగిలపడి, ఆ తరువాతగాని అతడు బేతేలు చేరలేదు. అన్నదమ్ముల సంగతి తీర్చుకొనక బలిపీఠమునొద్దకు రావద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాటయు (మత్తయి 5:23–24) ఇదే త్రోవను చూపుచున్నది. అర్పణమును అక్కడ విడిచి వెళ్లుమన్నాడు గాని, ముందు అర్పించి, వీలు చూచుకొని వెళ్లుమనలేదు.

ఇప్పుడు లూకా సువార్తకు మరల రండి. దినమెల్ల నడచిన తరువాత బాలుడు లేడని యోసేపు మరియలకు తెలిసినది. అప్పుడు ఏమి చేసిరి? మొదట గుంపులో వెదకిరి. చుట్టములలోను, తెలిసినవారిలోను వెదకిరి. దొరకలేదు. ఎట్లును సగము దూరము వచ్చితిమి, ముందు నజరేతు చేరి అక్కడ అన్నియు సరిచేసికొందము అని అనుకొనలేదు. నడచిన దూరమంతయు వెనుకకు నడచిరి. పోగొట్టుకొన్న పట్టణమునకే పోయిరి. పోగొట్టుకొనుటకు ఒక దినము. దొరకుటకు మూడు దినములు. క్రొత్త సంవత్సరమనగా పాతది తుడిచివేసి ముందుకు సాగుటయే అని మనము అనుకొనుచున్నాము; క్యాలెండరు మార్చినంతమాత్రమున మనము విడిచివచ్చిన చోటు మారదు. మేము ప్రభువును మా యింటిలో ఎక్కడ విడిచితిమో వెదకుచు డిసెంబరు 4వ తేదీవరకు పోయితిమి. మా కుమారుడు ఇంకను వెనుకకు, 2022 వరకు తీసికొనిపోయెను.

ఇక్కడ ఒక మాట పిల్లలు గల సంఘస్థులకు చెప్పుచున్నాము. పండుగ దినములలో పిల్లలు చూచునది మనము కొనియిచ్చిన బట్టలను మాత్రమే కాదు. ఈ ఆచారమేమని మీ పిల్లలు మిమ్మును అడుగుదురని నిర్గమకాండము 12:26లో ముందుగనే చెప్పబడియున్నది. పస్కాపండుగ స్థాపింపబడిన అధ్యాయమే అది. వారు అడుగుదురు. కొందరు నోటితో అడుగక, ప్రార్థనవేళ బయటికి పోవుటవలన అడుగుదురు. మా పెద్దవాడు గడచిన రెండేండ్లుగా సెలవులకు వచ్చినప్పుడెల్ల ఎనిమిది గంటలకు ఏదో పని కల్పించుకొని బజారుకు పోవుచుండెను. పట్నపు గాలి సోకినదని మేము అతని తల్లితో అనుచుంటిమి. బాబాయి అంటే వానికి ప్రాణమను సంగతి మాకు తట్టలేదు.

జనవరి 5వ తేదీన వాడు కళాశాలకు పోవలసియుండగా, వానితోకూడ మేమును బస్సెక్కితిమి. ఎక్కడికని వాడు అడుగలేదు. అరిసెలు ఒక డబ్బాలో మా యింటావిడ కట్టియిచ్చెను. త్రోవపొడుగునను చెప్పవలసిన మాటలు సిద్ధపరచుకొంటిమి. ఎంత సిద్ధపరచినను అవి ప్రసంగమువలెనే వచ్చుచుండెను, మూడు భాగములుగా. మా కుమారుడు కిటికీ ప్రక్కను నిద్రించుచుండెను, లేక నిద్రించుచున్నట్లు ఉండెను.

తమ్ముడు ఇంట లేడు. ధాన్యము తూకమునకు పోయినాడనిరి. మరదలు మమ్మును చూచి కొంగు సవరించుకొని, "రండి బావగారూ" అని మాత్రము అని మంచము వాల్చి మంచినీళ్లు ఇచ్చెను. చెట్టు ఉన్నచోట మొద్దు కూడ లేదు; బంతిమొక్కలు ఉన్నవి. ఆ వంటపాకకు క్రొత్త రేకులు వేసియున్నవి. రేకులు ఎప్పుడు వేసితిరని ఏదో ఒకటి మాటలాడవలెనని అడిగితిమి.

"అసని తుపానప్పుడు బావగారూ. రాత్రిపూట వేపకొమ్మ విరిగి పాకమీద పడింది. పిల్లది ఆ పక్కనే పడుకునుంది. తెల్లారి చూస్తే మొదలంతా చెద తినేసి డొల్ల. మీ తమ్ముడు రెండురోజులు దాని చుట్టూ తిరిగారు. కొట్టించిన రోజు అన్నం తినలేదు."

ఈ మాట మాకు ఎవరును చెప్పియుండలేదు. మేము ఎవరిని అడుగనును లేదు.

తమ్ముడు గంట తరువాత వచ్చెను. గుమ్మములో మమ్మును చూచి నిలిచిపోయెను. మేము సిద్ధపరచుకొన్న మూడు భాగములలో ఒక్కటియు నోటికి రాలేదు. "తప్పు నాది తమ్ముడూ. అడక్కుండా అన్నాను" అంటిమి. వాడు చెప్పులు విడుచుట చాలసేపు చేసెను. తరువాత మా కుమారుని భుజముమీద చెయ్యివేసి, "ఎంత పొడుగయ్యావురా" అని, మాతట్టు చూడకుండ, "అన్నం తిని వెళ్దురుగాని అన్నయ్యా" అనెను. నాబోతు మాట వాడు మరచిపోలేదని భోజనమువేళ తెలిసినది. ఆ మాట ఒక్కటి మాత్రము చాల బాధపెట్టినదని చెప్పెను. చెప్పనిచ్చితిమి. బయలుదేరుటకు ముందు అలవాటు చొప్పున ప్రార్థించుటకు లేచితిమి గాని, మనసు మార్చుకొని తమ్ముని చేయుమంటిమి. నాలుగు మాటలు చేసెను. నాయనగారు ఎట్లు ప్రారంభించెడివారో అట్లే ప్రారంభించెను. మేము ఆ రీతిగా ప్రార్థించుట ఎన్నడో మానివేసితిమి.

స్థలము సంగతి తేలలేదు. కొలిపించవలసియున్నది, కొలిపించిన తరువాత మరల మాట తేడా రాదని చెప్పలేము. సంక్రాంతి సెలవులకు వారి అమ్మాయి మా యింట నాలుగు దినములు ఉండిపోయినది.

కుటుంబ ప్రార్థనను గూర్చి మేము మార్చుకొన్నవి కొన్ని చెప్పెదము. మీకు పనికివచ్చినచో వాడుకొనుడి. ఇప్పుడు చదువుట పిల్లల పని, వినుట మా పని. మార్కు సువార్త తీసికొంటిమి. అందులో 16 అధ్యాయములే గనుక అలసట రాకమునుపే ఒక పుస్తకము ముగియును. చదివినదానిమీద ప్రసంగము చేయరాదని మా యింటావిడ మాకు నిబంధన విధించెను. ఫోనులు గూటిలో పెట్టుదుము, మాదియు కలిపి. ఎనిమిది గంటలకు మేము సంఘపు పనిమీద ఉన్నయెడల మాకొరకు కనిపెట్టక వారు జరుపుకొందురు. ప్రార్థనకు ముందు, ఆ దినము ఎవరిని ఎవరు నొప్పించిరో వారిని క్షమాపణ అడుగవలెను. ఇది మొదటి వారము చాల ఇబ్బందిగా నుండెను. అమ్మాయి నవ్వెను. మేము అడుగవలసిన దినమున గొంతు సవరించుకొని అడిగితిమి. విజయవాడ నుండి పెద్దవాడు వారమునకు ఒకటి రెండుమారులు ఆ వేళకు ఫోను చేయుచున్నాడు. అప్పుడు ఒక ఫోను గూటినుండి బయటికి తీయుదుము.

దేవాలయములో దొరికిన బాలుడు తలిదండ్రులతోకూడ బయలుదేరి నజరేతునకు వచ్చి వారికి లోబడియుండెనని 51వ వచనములో చదువుచున్నాము. ఆ తరువాత అనేక సంవత్సరములు ఆ యింట ఏమి జరిగెనో లూకా వ్రాయలేదు. చెక్కపని, నీళ్లు తెచ్చుకొనుట, భోజనము, ప్రార్థన. మరల పండుగలు వచ్చియుండును. మరల ఆ త్రోవనే పోయి వచ్చియుందురు. ఆ ప్రయాణములలో మరియమ్మ ఎన్నిమారులు వెనుదిరిగి చూచుకొనెనో అని మేము అప్పుడప్పుడు తలంచుచుందుము.

క్రొత్త కాగితముమీద ఒక్కటే వ్రాసితిమి: ఎనిమిది గంటలకు అందరము, క్షమాపణతో. దానిని బైబిలులో పెట్టలేదు. వంటింటి గోడకు, ఉప్పుడబ్బా పైగా, అంటించితిమి. అమ్మాయి దాని క్రింద పెన్సిలుతో గీతలు పెట్టుచున్నది. జనవరి 6 మొదలుకొని ఇది వ్రాయుచున్న 26వ తేదీవరకు ఇరువదియొక్క దినములు. గీతలు పదునెనిమిది. తప్పిన మూడింటిలో రెండు మావి, ఒకటి కరెంటు పోయినందున. దీపము వెలిగించుకొని చేసికొనియుండవచ్చునని అమ్మాయి అనుచున్నది.